దూరపు కెరటము

సముద్రతీరమున పుట్టి పెరిగినవారికి సముద్రమనిన ప్రాణమని పెద్దలు చెప్పగా విందుము. మా విషయమున నది నిజము కాలేదు. 1969 వ సంవత్సరపు వేసవిలో, మాకు పదునొకండవ యేడు జరుగుచుండగా, మా అన్న విశాఖపట్టణపు ఒడ్డున స్నానమునకు దిగి మరల రాలేదు. అతనికి పదునారేండ్లు. ఈత బాగుగా నెరిగినవాడు. ఆనాడు గాలి లేదు. ఆకసమున మబ్బుతునక లేదు. ఇరుప్రక్కల కెరటములు తెల్లగా విరిగిపడుచుండ, నడుమ నొకచోట మాత్రము నీరు నున్నగా అద్దమువలె నుండెను. "ఇక్కడ నెమ్మదిగా ఉందే" అని అన్న ఆ చోటునే యెంచుకొనెను. తన చొక్కాయు చేతిగడియారమును మా యొడిలో పెట్టి దిగెను. ఆ గడియారమునకు మా అమ్మ తాను బ్రతికినన్నినాళ్లు ప్రతిదినమును కీ యిచ్చుచునే యుండెను.

ఆ పిమ్మట మా యింట సముద్రమునకు వెలి వేయబడినది. మాకు పెండ్లియై కూతురు పుట్టిన తరువాత ఆ శాసనమును మేము మరింత బిగించితిమి. ఊరిలోని పిల్లలందరు సాయంకాలము ఇసుకలో ఆడుకొనుచుండ, మా అమ్మాయి ఇంటి మేడపైనుండి ఆ నీలిగీతను చూచుటయే. బడివారు విహారమునకు కొనిపోవుదుమన్నను పంపలేదు. ఈత నేర్పింతుమని మావారు రెండుమార్లు ప్రస్తావించిరి. మేము అన్నము మానివేయగా ఆ ప్రస్తావము ఆగిపోయినది. బిడ్డను కాపాడుకొంటిమని మా సంతృప్తి. ఆ బిడ్డ మనసున నేమున్నదో మేమడిగినది లేదు.

దైవము హాస్యప్రియుడని చెప్పవలసియున్నది. మా అమ్మాయి పెండ్లియై పోయినది ఒక దీవికి. పసిఫికు మహాసముద్రమున మూడువందలకు పైబడిన ద్వీపముల సముదాయమగు ఫిజీ దేశమున అల్లునికి ఉద్యోగము. వారుండు పట్టణము పేరును వ్రాతలో చూచి మేము 'నది' యనుకొంటిమి. అక్కడివారు పలుకగా 'నంది' యని వినవచ్చినది. వారి లిపిలో ఆ అక్షరమునకు ముందు సున్న దాగియుండునట. పేరులో శివుని వాహనము కలదని కొంత ధైర్యము తెచ్చుకొని, 2025 జూను మాసాంతమున, సింగపూరు మీదుగా మేమొంటరిగా ప్రయాణమైపోతిమి.

ఆ దేశము మనకు బొత్తిగా క్రొత్తది కాదు. 1879 మొదలు 1916 వరకు చెరకుతోటలలో పనికై అరువదివేలమందికి పైగా మనదేశీయులు అయిదేండ్ల యొప్పందముపై అక్కడికి కొనిపోబడిరి. 1903 నుండి చెన్నపట్టణపు రేవునను ఓడ లెక్కించిరి గనుక వారిలో తెనుగువారును కలరు. 1926 లో దక్షిణదేశపువారు తమకొక సంగమును, 1941 లో ఆంధ్రులు వేరుగా నొక సంగమును స్థాపించుకొనిరి. మా అమ్మాయి పొరుగింటి వృద్ధురాలు అట్టివారి మనుమరాలే. ఆమె మాటలాడునది అక్కడి హిందీ. తెనుగున మిగిలినవి 'అమ్మ', 'నీళ్లు', 'పప్పు' అను మూడుమాటలు. మమ్ము చూచినపుడెల్ల ఆ మూడింటిని వరుసగా చెప్పి నవ్వెడిది. 1884 మే 11 వ తేదీని సిరియా యను ఓడ, కలకత్తానుండి కూలీలతో వచ్చుచు, ఆ దీవికి తూర్పున నసిలై పగడపుదిబ్బకు తగులుకొని బ్రద్దలైనదనియు, 59 గురు మరణించిరనియు, దాపుననున్న పల్లెవారు నీట దిగి అనేకులను గట్టెక్కించిరనియు మాకు మొదట చెప్పినది ఆమెయే. తీరము కంటికి కనబడుచుండగా మునిగినవారిని తలచుకొని మేము ఆ రాత్రి నిద్రింపలేదు.

ఇక అసలు విషయమునకు వత్తుము.

మా మనుమరాలికి పందొమ్మిదేండ్లు. పండ్రెండవయేటనుండి పలకపై పరుండి కెరటమునకెదురేగి, అది లేచునప్పుడు తానును లేచి నిలిచి, దాని వాలుపై జారివచ్చు క్రీడ నేర్చుచున్నది. దీనిని సర్ఫింగు అందురు. ఈ సంగతి మా అమ్మాయి మాకు ఏడేండ్లు దాచినది. మేమక్కడికి చేరిన మూడవనాడు పిల్ల వచ్చి మా ప్రక్కన కూర్చుండి, "అమ్మమ్మా, క్లౌడుబ్రేకుకి వెళ్తాను. అమ్మ నీ మాట మీద వదిలేసింది," అనెను.

క్లౌడుబ్రేకు అనునది ఊరు కాదు, దీవియు కాదు. తవరువా యను చిన్న దీవికి దక్షిణముగా నడిసముద్రమున మునిగియున్న పగడపుదిబ్బ. అక్కడ అడుగుపెట్టుటకు మట్టి లేదు, పట్టుకొనుటకు చెట్టు లేదు. పడవలో పోయి పడవలోనే రావలెను. ప్రపంచమున పేరుగన్న కెరటములలో అదియొకటి. 2010 లో ప్రభుత్వము చట్టము చేయువరకు అక్కడ స్వారి చేయు భాగ్యము దాపున విడిది చేసిన అతిథులకు తప్ప ఇతరులకు లేకుండెను. 2024 ఆగస్టులో జరిగిన పందెములలో కెనడా తరపున పాల్గొన్న ఎరిన్ బ్రూక్స్ అను పదునేడేండ్ల బాలిక అక్కడ స్త్రీలలో ప్రథమస్థానము గెలిచినది. మనుమరాలు ఈ మాటను మాముందు బ్రహ్మాస్త్రముగా ప్రయోగించెను. పూర్వము హవాయి ద్వీపములలో కాహుమను మొదలైన రాణులే ఈ క్రీడ యాడెడివారని రెండవ యస్త్రము. మాకు రాణులతో పని యేమి? "ఆ నీరు నిన్ను తిరిగి పంపునని నీకెట్లు తెలియును? అది చెప్పుము. తరువాత చూతము," అంటిమి. ఇది నిరాకరణమే గాని ప్రశ్న కాదని మేమెరుగుదుము. పిల్ల దానిని ప్రశ్నగనే తీసికొన్నది.

ఆ రాత్రి వంటయింటి బల్లపై మాకు పాఠము మొదలైనది. పిల్ల ఒక వెడల్పైన పళ్లెమున నీరు పోసి అంచునుండి ఊదెను. సన్నని ముడుతలు పుట్టి పళ్లెము నడుమనే సమసిపోయినవి. "ఇవి దగ్గరి గాలి అలలు. వీటికి ఓపిక తక్కువ. నేను చూసేవి వేరు," అని ఫోనులో నొక పటము తీసినది. న్యూజిలాండునకు నైరుతి దిక్కున, మంచుగాలుల ప్రాంతమున, ఒక తుఫాను ఎర్రగా చుట్టుకొనియున్నది. ఫిజీకి సుమారు మూడువేల కిలోమీటర్ల దూరము. అక్కడి గాలి ఒకేదిక్కున రెండుమూడు దినములు విడువక వీచినచో నీటిలో పొడవైన తరంగములు పుట్టును. గాలి చచ్చినను అవి చావవు. తుఫానును వెనుకవిడిచి తమంతట తాము ప్రయాణము సాగించును. ఇంగ్లీషువారు దీనిని స్వెల్ అందురు. తెనుగున దీనికి ఒంటిమాట మాకు స్ఫురింపలేదు, జాలరులయొద్ద ఉండియుండును. మేము దూరపు కెరటమని పిలుచుకొంటిమి. చిన్ననాట మా యింటికి చేపలు తెచ్చు ముసలిది "గాలి లేకండా సముద్రం పొంగిందంటే ఎక్కడో గాలివాన కొట్టిందన్నమాట" అనెడిది. ఆ మాటలో ఇంత శాస్త్రమున్నదని మాకప్పుడు తెలియదు.

పటముపై మూడు సంఖ్య లుండెను. ఎత్తు ఒకటి, దిక్కు ఒకటి, నడుమ నున్నది సెకండ్ల లెక్క. ఎత్తు కంటె ఆ నడిమి సంఖ్యయే ముఖ్యమట. ఒక కెరటపు శిఖరము పోయిన పిదప రెండవది వచ్చుటకు పట్టు కాలమది. మనము తడిచీరను ఇద్దరము చెరియొకకొన పట్టి విదిలింతుము గదా. చేతిని గబగబ ఆడించినచో చిన్న ముడుతలు చీర నడుమకు రాకయే యణగును. నిదానముగా నొకమారు ఎత్తి దించినచో ఆ పొంగు అవతలి కొనవరకు సాగి ఎదుటివారి చేతిని తాకును. అటులే ఎనిమిది సెకండ్ల యల దగ్గరిది, బలహీనము. పదునారు సెకండ్లది దూరపుది. దాని శిఖరమునకు శిఖరమునకు నడుమ లోతునీటిలో నాలుగువందల మీటర్ల యెడము. అట్టి కెరటముల జట్టు గంటకు సుమారు 45 కిలోమీటర్ల చొప్పున నడచును గనుక మూడువేల కిలోమీటర్లు మూడుదినముల లోపలనే దాటివచ్చును. పది సెకండ్లవి గంటకు 28 మాత్రమే నడచును. అవి దాదాపు నాలుగున్నర దినములకు గాని రావు. కాబట్టి ఒకే తుఫానునందు పుట్టినవే యైనను పొడవైనవి ముందు, పొట్టివి వెనుక. పెండ్లివారిలో మోటారువారు ముందు దిగి ఎడ్లబండ్లవారు మాపటికి చేరినట్లు. 1963 లో వాల్టరు మంక్ అను శాస్త్రజ్ఞుడు న్యూజిలాండు మొదలు అలాస్కా వరకు వరుసగా కొలతకేంద్రములు నిలిపి, దక్షిణసముద్రమున పుట్టిన కెరటములు పసిఫికు నంతయు దాటి ఉత్తరపు కొనను చేరుట కనిపెట్టెను. అమ్మాయి యీ కథను చెప్పుచున్నపుడు మా కూతురు తవ్వెడు బియ్యము ముందుపెట్టుకొని ఒక్క రాయియు నేరక వినుచుండెను.

ఇక దిబ్బ సంగతి. దూరపు కెరటము లోతునీట కంటికి కనబడదు. పడవ దానిపై మెల్లగా లేచి దిగును, అంతే. తన పొడవులో సగము లోతు చేరినప్పుడు దానికి అడుగు తగులుట మొదలగును. పదునారు సెకండ్లదానికి రెండువందల మీటర్ల లోతుననే యన్నమాట. విశాఖవంటి తీరమున నేల చాలదూరము మెల్లగా మెరక యగుచు వచ్చును. కెరటము వచ్చుత్రోవలోనే కొంత అలసిపోవును. ఈ దిబ్బకట్లు కాదు. దాని వెలుపల కొద్దిదూరముననే అడుగు అగాధమునకు దిగిపోవును. పరుగున వచ్చువాడు గడపకు తన్నుకొన్నట్లు కెరటము ఒక్కసారిగా ముందుకాలు ఆగి వెనుకబలము మీదికి రాగా నిట్టనిలువున లేచును. నీటిలోతు తన యెత్తునకు ఒకటింబావుకు తగ్గగనే విరుగును. తెరచిన సముద్రమునకు ఎదురుగా నున్నందున అడ్డగించునది లేదు. నైరుతినుండి వచ్చునది నేరుగా తాకును. ఆగ్నేయపు గాలి యలలకు మాత్రము పెద్దదీవి చాటున్నది. పైగా ఆగ్నేయపుగాలి అచ్చట కెరటమునకు ఎదురుగా వీచి దాని మొగమును చదును చేయును. దిబ్బ అంచు ఏటవాలుగా నుండుటచే కెరటము ఒక్కపెట్టున కూలక, ఒకకొన మొదలు రెండవకొన వరకు కుట్టు విప్పినట్లు వరుసగా విరుగును. ఆ విరుగుటకు ముందుముందు జారుటయే ఆట. చివరనున్న లోపలిభాగమున నీరు మిక్కిలి పలుచన, అడుగున పగడము కత్తిపీటలవలె నుండును. ఆటునీటివేళ ఆ చోటికి పోరాదు.

"ఇదంతా చూసి వెళ్లకుండా మానేసిన రోజు ఎప్పుడైనా ఉందా?" అని మేమడిగితిమి. పిల్ల ఊరకుండెను. వాళ్లమ్మ మా మొగము చూచి బియ్యములోనికి తల వంచుకొన్నది.

జూలై మొదటివారమున ఒక ఉదయము పోతిమి. మేము వత్తుమనగానే ఇంటిలో నందరు నిశ్చేష్టులైరి. ఏబదియారేండ్ల పిమ్మట పాదములు ఉప్పునీట తడిసినవి. పడవవాడు ఆ దేశపు మూలవాసి, భారీ మనిషి. "బులా" యని పలుకరించి మా చేయి పట్టి కూర్చుండబెట్టెను. దిబ్బల లోపలి నీరు ఆకుపచ్చగా చెరువువలె నుండెను. ఆ నెమ్మది యెవరి పెట్టినదో చూడుడు: పగడపుదిబ్బలు కెరటపుబలములో సగటున నూటికి 97 పాళ్లు తామే యణచివేయునని 2014 లో ప్రపంచపు లెక్కలను క్రోడీకరించి చెప్పిరి. ఆ చాటుననే అక్కడి స్త్రీలు నడుములోతు నీటిలో నత్తలును గుల్లలును ఏరి కుటుంబము పోషించుకొందురు.

దిబ్బ ప్రక్కన లోతైన కాలువవంటి చోట పడవ నిలిపిరి. అక్కడ కెరటము విరుగదు. పందిరివేసినట్లు లేచి దిగిపోవును. నూరుగజముల దూరమున మాత్రము లోకము వేరు. మొదట మాకు ధ్వని వినబడలేదు, గుండెలో తెలిసినది. ఆనాటి లెక్క ఎత్తు 2.4 మీటర్లు, పదునేడు సెకండ్లు. మేము చేరినప్పుడు సముద్రము శాంతముగానే యున్నది. పది నిముషములు చూచితిమి. చిన్నవి రెండు వచ్చినవి. పిల్ల స్నేహితులు నలుగురు పలకలు తీసికొని నీట దుమికిరి. మాకును "ఇంతేకదా" అనిపించినది. అమ్మాయి మాత్రము తన గడియారము చూచుకొనుచు, "ఇదే నమ్మకూడదు అమ్మమ్మా. పెద్దవి జట్టు జట్టుగా వస్తాయి. మధ్యలో ఇలా మాయచేస్తాయి," అనెను. ఆ మాటకు మా వెన్ను జలదరించినది. అద్దమువంటి నీరు మాకు జ్ఞాపకము వచ్చినది.

పిమ్మట జట్టు వచ్చెను. దూరమున నీలిమ నల్లనైనది. మొదటిది లేచి, మొగము బోలుచేసికొని, పెదవిని ముందుకు విసరి కూలెను. వెనుకది దానికంటె పెద్దది. మూడవది యింకను పెద్దది. నురుగు ఇంటి యెత్తున లేచినది. మేఘము విరిగినట్లున్నదని పేరు పెట్టినవారు అబద్ధమాడలేదు. 2012 జూను 8 వ తేదీని ఇంతకు ఎన్నిరెట్లో పెద్దవి రాగా పందెమునే నిలిపివేసిరట. పిల్ల అయిదు జట్లు లెక్కపెట్టెను. పిమ్మట పలకను సంచిలో పెట్టి ముడి వేసి, "ఇవాళ నావల్ల కాదు," అనెను. నీటిలోనుండి స్నేహితుడొకడు ఏదో అని నవ్వెను. దాని చెవులెర్రనైనవి. దారిపొడవునను మాట లేదు. ఇల్లు చేరినపిదప స్నానపుగదిలో నీళ్ల చప్పుడు చాటున ఏడ్చుట మాకు వినవచ్చినది.

ఆ మరునాడు "వెళ్లు" అని మేమే చెప్పితిమి.

నాలుగవనాడు పోతిమి. ఎత్తు 1.2, పదమూడు సెకండ్లు, నైరుతి, పోటు నీరు పెరుగుచున్నది, గాలి పలుచన. పిల్ల పలక తీసి, తువాలును చేతిగడియారమును మా యొడిలో పడవైచి దుమికెను. దానికేమి తెలియును? మేము ఆ గడియారమును రెండుచేతులను పట్టుకొంటిమి.

మొదటి రెండు కెరటములను అది యెక్కిన తీరు మేము వర్ణింపలేము. మా మనుమరాలు నడచునప్పుడు కొంచెము గూని; ఎన్నిమార్లో చెప్పితిమి. నీటిపై దాని వెన్ను దీపపుసెమ్మెవలె నిలిచియుండెను. మూడవదానియందు పలక ముక్కు గ్రుచ్చుకొన్నది. పిల్ల పెదవితోగూడ క్రిందికి పోయినది. పలక ఒక్కటి నిలువుగా పైకి వచ్చి వణకుచుండెను. త్రాడు క్రింద లాగుచున్నదని గుర్తు. మేము గడియారము చూచితిమి. పదునాలుగు సెకండ్లకు తల కనబడినది, రెండవ కెరటము దానిపై పడినది. మేము తెనుగుననే పడవవానిపై కేకలు వేసితిమి. అతడు యంత్రముపై చేయి వేసి యుంచియు కదలింపడు. మా భుజము తట్టి, వ్రేలితో సముద్రము చూపి, ఇంకను ఒకటి కలదని సైగచేసెను. పడవ అందులోనికి పోయినచో బోర్లపడి దానిమీదనే కూలునని తరువాత తెలిసినది. ఆ క్షణమున మాత్రము మేమతనిని తిట్టినతిట్లు అతనికి అర్థము కాకపోవుట మా భాగ్యము.

మూడవది కూడ పోయినది. పిల్ల పలకను పట్టుకొని, మావైపునకు ఎదురీదక, ఒడ్డుకొరకు వెదకక, నురుగుతోపాటు దిబ్బ లోపలి నెమ్మదినీటికి కొట్టుకొనిపోయినది. అక్కడ ఊపిరి తీసికొని, చుట్టుదారిని తాపీగా చేతులతో తోసికొనుచు కాలువకు వచ్చినది. అప్పుడు పడవ కదలెను. వీపున, మోచేతిని, తొడపై చర్మము చీరుకొనిపోయియున్నది. పడవలోనికెక్కి అది మొదట అన్నమాట, "రెండోది చూశావా అమ్మమ్మా?"

ఇంటికి రాగానే మేము పసుపుడబ్బా తీసితిమి. పిల్ల వలదని, ముందు మంచినీటను సబ్బుతోను బాగుగా కడిగి పగడపు నలుసులను తీయించుకొన్నది. అవి లోపల నిలిచినచో గాయము మానక చీము పట్టునట. మా కన్నులు చాలవు గనుక వాళ్లమ్మ భూతద్దము పట్టి ఒక్కొక్కటే తీసెను. బియ్యములో రాళ్లు ఏరనిది ఆనాడు నలుసు విడువలేదు.

రాత్రి పిల్ల నిద్రించిన తరువాత మా అమ్మాయి వరండాలోనికి వచ్చి కూర్చున్నది. చాలసేపు చెరకుతోటల గాలి వినుచుంటిమి. పిమ్మట అది, "అమ్మా, నాకు నలభైరెండేళ్లు. సముద్రం మధ్యన కాపురం. నాకు ఈత రాదు. అది ములిగిపోతే నేను ఒడ్డునుంచి చూడడమే. పన్నెండో ఏట దాన్ని నీళ్లలో వేసింది అందుకే. నీమీద కోపంతో వేశాను," అన్నది. మాకు మారుమాట లేకపోయెను. కాపాడితిమనుకొన్నది దీనినా? మా అన్నను గూర్చి ఆ పిల్లకు మేము నోరువిప్పి చెప్పినది ఆ రాత్రియే మొదలు. మావారు కొంత చెప్పియుండిరట. అద్దమువంటి నీటి సంగతి మాత్రము ఎవ్వరికిని తెలియదు. అది మాయందే యుండెను.

ఉదయము మనుమరాలు ఆ కథ విని కాగితముపై గీత గీచి చూపెను. కెరటములు ఒడ్డునకు త్రోసిన నీరు ఎటో తిరిగిపోవలెను గదా. ఇసుకతిన్నెల నడుమ పల్లమైన సందు దొరికినచోట అంతయు కూడి వాగువలె లోపలికి పరుగెత్తును. అచ్చట లోతు హెచ్చు గనుక కెరటము విరుగదు. చూచువారికి అదియే నెమ్మదిచోటు. ఎంతటి ఈతగాడైనను దానికెదురుగా ఒడ్డునకు ఈదిన అలసిపోవును. ఒడ్డు వెంబడి ప్రక్కకు కొంతదూరము ఈదినచో ఆ వాగు దాటిపోవును. లేదా తేలియుండి చేయెత్తి పిలువవలెను. ఇంతే. ఏబదియారేండ్లు మేము మా అన్నకు దుడుకని, సముద్రమునకు క్రౌర్యమని నేరము మోపుచుంటిమి. అతడు జాగ్రత్తకొరకే ఆ చోటు కోరుకొనెను. బిడ్డలను తీరమునకు పంపు సోదరీమణులు ఈ ముక్కను తమ పిల్లలకు చెప్పుదురుగాక.

మేము బయలుదేరుటకు ముందు వారమున మా అమ్మాయి ఒక ఈతకొలనులో దిగినది. నడుములోతు నీటిలో నిలిచి గోడ విడువనని మొండికేసెను. తల్లి గడ్డము క్రింద చేయి పెట్టి కూతురు ఈత నేర్పుచుండెను. మేము గట్టున కూర్చుండి బట్టలకు కాపు కాచితిమి.

ఇప్పుడు విశాఖలో మా ఉదయములు మారినవి. కాఫీ త్రాగుచు పంచాంగము చూచుట పూర్వపు అలవాటు. దానిప్రక్క కెరటముల పటము చేరినది. తిథియు దీనికి పనికివచ్చును, అమావాస్యకును పున్నమకును ఆటుపోట్లు పెద్దవి గదా. మన సముద్రమునకును దక్షిణమున పుట్టిన దూరపు కెరటములు వచ్చుచునే యుండును. కేరళమున ఎండకాయుచుండగనే ఊళ్లు ముంచు అట్టిదానిని కల్లక్కడల్, అనగా దొంగసముద్రము అందురు. వీటి రాకను ముందుగా తెలిపి జాలరులను హెచ్చరించు కేంద్రము 1999 నుండి హైదరాబాదున నున్నది. సముద్రమే లేని యూర దాని కొలువుండుట మాకు నవ్వు వచ్చును గాని, మూడువేల కిలోమీటర్ల యవతలి తుఫానును వంటయింటి బల్లపై చూచిన తరువాత నవ్వుటకు హక్కు లేదు.

మొన్న ఫిజీ దిబ్బకు పటము చూడగా గుండె ఝల్లుమన్నది. ఎత్తు మూడు మీటర్లు, పదునెనిమిది సెకండ్లు. వెంటనే ఫోను చేసి, "గురువారము నీవు గడప దాటరాదు, పదునెనిమిది పడుచున్నది," అని మనుమరాలికి శాసించితిమి.

అవతల కొంచెము నిశ్శబ్దము. "దిక్కు చూశావా అమ్మమ్మా?"

దిక్కు చూడలేదు. కన్నడకము పెట్టుకొని మరల పటము తెరచితిమి.